కార్తీకంలో వెల్లుల్లి వాసన

ఆ సోమవారం తెల్లారేసరికి వానా పడలేదు, ఎండా రాలేదు. సముద్రం వైపు నుంచి నడిచివచ్చిన మబ్బు వంశధార మీదికి రాగానే ఇక కదలనన్నట్టు ఆగిపోయింది. చేలు కోతకొచ్చిన వాళ్లకి ఇంతకంటే చెడ్డ ఆకాశం లేదు. పడే వాన పడిపోతే ఒక దారి దొరుకుతుంది. ఇలా నిలబడిపోతే కొడవలి పట్టాలో పక్కన పెట్టాలో తోచదు. ఊళ్లో మగాళ్లంతా వీధిలోకి వచ్చి మెడలు పైకెత్తి నిలబడ్డారు.

సోములు ఇంట్లో మాత్రం ఎవరూ పైకి చూడలేదు.

పోయినవారం కథ ఆగేసరికి మనం సోములు భార్య లక్ష్మణమ్మని ఆ ఇంటి నడవలో వదిలివచ్చాం. కార్తీక సోమవారం కదా అని ముఖలింగం గుడికి బయల్దేరబోతూ, కాళ్లకి పసుపు రాయించుకోడానికి కోడలి ముందు కూర్చుంది. ఝాన్సీ వంగి, "అత్తా, పాదం ఇలా పెట్టు" అంది. ఆ మాటతో పాటే కోడలి నోట్లోంచి వెల్లుల్లి వాసన గుప్పుమంది.

దీపావళి వెళ్లిన మర్నాటి నుంచి ఆ ఇంట్లో ఉల్లీ లేదు, వెల్లుల్లీ లేదు. ఆవకాయలో వెల్లుల్లి ఉంటుందని జాడీని కూడా పక్కింటి అసిరమ్మ గదిలో పెట్టించింది లక్ష్మణమ్మ. ఈ ఏడు నియమం తప్పకూడదని ఆమెకి గట్టి పట్టుదల. దానికి కారణం ఎవరికీ చెప్పలేదు.

కారణం తల మీద ఉంది. రెండేళ్ల కిందట విశాఖపట్నం పెద్దాసుపత్రిలో ఆమెకి ఎడమ రొమ్ము తీసేశారు. ఆ తర్వాత ఎక్కించిన మందులకి జుట్టంతా పోయింది. మందులు ఆగాక మళ్లీ వచ్చింది. మెడ దాటి కిందికి దిగింది, ముడికి అందేదాకా పెరిగింది. అలాంటిది, వినాయక చవితి వెళ్లాక దువ్వెన పెడితే పిడికెడు ఊడివస్తోంది. గోళ్ల మీద అడ్డంగా తెల్లచారలు పడ్డాయి. బొటనవేలి గోరు చింతగింజ పెంకులా పగిలింది. అరికాళ్లలో చీమలు పాకుతున్నట్టుంది. రోగం తిరగబెట్టిందని ఆమె అనుకుంది. పంట ఇంటికి చేరి, కోడలికి పురుడొచ్చేదాకా నోరు విప్పకూడదని కూడా అప్పుడే అనుకుంది.

అందుకే ఈ కార్తీకం ఆమెకి ఆఖరి కార్తీకం. అందులో వెల్లుల్లా!

"ఓలె ఝాన్సీ, నోరు తెరు."

"ఏటత్తా?"

"తెరమంటన్నానా!"

కోడలు పసుపు చేత్తోనే నోరు తెరిచింది. లక్ష్మణమ్మ ముక్కు దగ్గరగా పెట్టి, వెనక్కి లాక్కుంది.

"ఎక్కడ తిన్నావే? అసిరమ్మ ఇంటికెల్లి ఆవకాయ నాకొచ్చినావేటి? కడుపుతో ఉన్నాను, నోరూరింది అని ఒక్క ముక్క అంటే నాను కాదంటానేటి? దొంగతనంగా తినడవెందుకు?"

ఝాన్సీ మొహం ఎర్రబడింది. శృంగవరపుకోట పిల్ల. ఇంటరు దాకా చదివింది. పెళ్లయి రెండేళ్లయినా అత్తతో ఒక్కనాడు ఎదురు మాట్లాడలేదు. ఈవేళ మాట్లాడింది.

"నాను తిన్నేదత్తా. ఆ వాసన నీ దగ్గరే వస్తన్నాది. పది రోజుల బట్టి వస్తన్నాది. పెద్దదానివి, రోగం పడి లేసినదానివి, దాక్కుని తింటే తిననీ అని నానే ఊరుకున్నాను."

"నానా?"

"నువ్వే. కావాలంటే అరచెయ్యి అడ్డెట్టుకొని ఊదుకో."

లక్ష్మణమ్మ ఊదుకుంది. ముక్కుకి తగిలింది. మళ్లీ ఊదుకుంది. తర్వాత కోడలి చేత ఊదించింది. కొత్తగా కొట్టంలోకి తోలిన పశువులు ఒకదాన్నొకటి వాసన చూసుకున్నట్టు అత్తాకోడళ్లు నడవ మధ్యలో నిలబడి చూసుకున్నారు. ఝాన్సీకి నవ్వొచ్చింది. ఆపుకోలేకపోయింది. అత్తకీ వచ్చింది.

"ఓలమ్మా, ఇద్దరం దొంగలవేనన్నమాట" అంది లక్ష్మణమ్మ.

నవ్వుతూనే వంటింట్లోకి వెళ్లి వెతికారు. పోపులడబ్బా, గూట్లో సీసాలు, చింతపండు కుండ, ఆఖరికి బియ్యం డబ్బాలో కూడా చెయ్యి పెట్టి చూశారు. వెల్లుల్లి పొట్టు కూడా దొరకలేదు. బియ్యంలోంచి ఝాన్సీ చెయ్యి పైకి తీసినప్పుడు, గోళ్లకి అంటిన తవుడు దులుపుకుంటుంటే, లక్ష్మణమ్మ ఆ చెయ్యి గబుక్కున పట్టుకుంది.

కిటికీ దగ్గరికి లాక్కెళ్లింది. ఉన్న కాస్త వెలుగులో వేళ్లు ఒక్కొక్కటే తిప్పి చూసింది. ప్రతి గోటి మీదా అడ్డంగా తెల్లటి చార.

ఆమె తన చెయ్యి పక్కన పెట్టింది. ఒకే చార. ఒకే చోట.

"ఇది ఎప్పట్నించే?"

"తెల్దత్తా. కడుపుతో ఉంటే కాల్షియం తగ్గిపోతాదంట గదా, అదేమో అనుకున్నాను. జుట్టు కూడా రాలతన్నాది. నీకు సెప్తే బెంగెట్టుకుంటావని..."

లక్ష్మణమ్మ మనసులో రెండు నెలలుగా గడ్డకట్టిన ఆలోచన ఒకటి కదిలింది. కేన్సరు అంటువ్యాధి కాదు. పెద్దాసుపత్రి డాక్టరమ్మ ఎన్నోసార్లు చెప్పింది, ఒకే కంచంలో తిన్నా అంటుకోదని. అలాంటప్పుడు తన గోటి మీద చార కోడలి గోటి మీదికి ఎలా వచ్చింది? ఇది రోగం కాదు. తామిద్దరూ కలిసి తింటున్నది ఏదో ఉంది.

కొడుకు నరేషు పైడిభీమవరం ఫ్యాక్టరీలో పని చేస్తాడు, వారానికోసారి వస్తాడు. వాడికేమీ లేదు. సోములు ఇంట్లోనే తింటాడు. అన్నం ఒకటే, కూర ఒకటే, నీళ్లూ ఒకే నూతివి. అతని గోళ్లకి మట్టి తప్ప ఏమీ లేదు.

ఇంక మిగిలింది అంబలి.

ఆ అంబలి సంగతి చెప్పాలి. ఆపరేషనయి వచ్చిన రోజు నుంచి లక్ష్మణమ్మకి సోళ్ల అంబలి, అదే రాగి అంబలి, సోములే కాస్తున్నాడు. రాత్రి పిండి పులియబెట్టి, చీకటుండగా లేచి, నూకలేసి, గంటె తిప్పుతూ పొయ్యి ముందు కూర్చుంటాడు. "సోములన్న కోక కట్టీసినాడ్రా" అని వీధిలో వాళ్లు నవ్వారు. అతను పట్టించుకోలేదు. ఆమె గ్లాసు ఖాళీ చేసేదాకా ఎదురుగా నిలబడి, అప్పుడు చుట్ట వెలిగించుకొని పొలానికి వెళ్తాడు. ఈమధ్య మాత్రం పొలం పనుల తొందరలో కాచిన అంబలి మూతపెట్టి వెళ్లిపోతున్నాడు. అదే సందుగా లక్ష్మణమ్మ సగం కోడలికి పోస్తోంది. వేవిళ్లు తగ్గని ఆ పిల్లకి లోకంలో ఇమిడేది అదొక్కటే. "నాకు కాసిందంతా నువ్వు తాగీసినావని మీ మావకి సెప్పకు. బాధపడతాడు" అనేది.

మూతపెట్టిన గిన్నె ఇప్పుడు పొయ్యి గట్టు మీదే ఉంది. సోమవారం ఉపవాసమని ఇద్దరూ ముట్టలేదు.

లక్ష్మణమ్మ మూత తీసింది. ఆవిరి ఇంకా ఉంది. పుల్లటి వాసన, మాడు వాసన. వెల్లుల్లి లేదు. ఆమె మూత పెట్టేసింది. కొంగు నడుముకి దోపుకుంది.

"మీ మావ వచ్చీదాకా ఆగు. ఆయన ముందు నాను ఏది సెప్తే అది సెయ్యి. ఎందుకని అడక్కు. గుటక మాత్రం ఎయ్యకు."

సోములు వచ్చేసరికి పొద్దు బారెడు ఎక్కి ఉండాలి, మబ్బులో తెలియలేదు. కాళ్లు కడుక్కుని లోపలికి వస్తూనే పొయ్యి గట్టు వైపు చూశాడు. రోజూ ముందు అటే చూస్తాడని లక్ష్మణమ్మ ఇవాళ గమనించింది.

"ఇంకా తాగనేదేటి?"

"సోమారం గదా."

"సోమారవేటి? నీకుపాసవేటి? నీ ఒంటికి మినాయింపు ఉన్నాది, శివుడు ఏటీ అనుకోడు. తాగు తాగు."

"తాగతాను. కూకో."

రెండు గ్లాసులు తెచ్చింది. రెండింట్లోనూ అంబలి పోసింది. ఒకటి తన ముందు పెట్టుకుంది. రెండోది కోడలి చేతికిచ్చింది.

"తాగమ్మా."

"దానికెందుకే?" అన్నాడు సోములు. "సెంటర్లో ఇడ్లీ తెచ్చి పెడతాను దానికి."

"ఇడ్లీ ఇమడదు. ఇదే ఇముడుతాది."

"నీకని కాసినాను గదా!"

"నాకు సరిపడా ఉన్నాది. తాగే ఝాన్సీ."

ఝాన్సీ గ్లాసు ఎత్తింది. అంచు పెదవికి తగిలిందో లేదో, సోములు అరచెయ్యి వచ్చి ఆ గ్లాసుని కొట్టింది. గ్లాసు గోడకి తగిలి, దొర్లుకుంటూ గుమ్మం దాకా పోయింది. అంబలి నేల మీద పరుచుకుంది.

ముగ్గురూ దాన్నే చూశారు. కోడలి మీద చెయ్యెత్తే మనిషి కాదతను. ఎద్దుని కూడా కర్రతో కొట్టడు.

"కొట్టేవేటి మావా?" అంది ఝాన్సీ, మెల్లగా.

"నువ్వు తాగకూడదమ్మా" అన్నాడు. "నువ్వు... ఒట్టి మనిషివి కావు గదా."

"రోజూ తాగతన్నాది" అంది లక్ష్మణమ్మ. "దసరా ముందు నుంచీ. నువ్వు పొలానికి ఎల్లినాక సగం దానికే పోస్తన్నాను."

సోములు నిలబడ్డ చోటే, ఒలికిన అంబలి పక్కన, నేల మీద కూర్చుండిపోయాడు.

"దాన్లో ఏటి కలుపుతన్నావో తీసుకొని రా" అంది లక్ష్మణమ్మ.

అతను లేచి కొట్టంలోకి వెళ్లాడు. దూలం మీద నుంచి ఒక ప్లాస్టిక్ డబ్బా తెచ్చి ఆమె ముందు పెట్టాడు. మూత తీస్తే లేత గులాబీ రంగు పొడి. పక్కన చిన్న చెంచా. డబ్బా మీద ఆవు బొమ్మ.

ఝాన్సీ ఆ బొమ్మ చూసి నోరు మూసుకుంది.

"ఆవుల మందా మావా?"

"మందు కాదమ్మా. మినరల్. మనకి ఒంట్లోకి కావలిసిందే." అతని మాటలు ఒకదాని వెనక ఒకటి తోసుకొచ్చాయి. "గౌరిని మరిసిపోనావేటే లచ్చనమ్మా? ఈనినాక పడిపోయి లెగలేదు. కాళ్లు ఈడుస్తాంటే అందరూ ఆశ ఒగ్గీసినారు. పశువుల డాట్రు బాబు మినరల్ పొడి రాసిచ్చినాడు. నెల తిరక్కుండా లేసి నిలబడిందా? బొచ్చు నిగనిగలాడిందా? నా కళ్లతో సూసినాను. అరసవిల్లి రోడ్లో దాణాకొట్టు ధర్మేంద్ర సెప్పినాడు, అన్నిట్లోకీ గొప్పది సెలీనియమంట, ఇప్పుడు మట్టిలో నేదంట, అందుకే మనుషులకి కేన్సర్లొస్తన్నాయంట. అది ఒంట్లో పడితే రోగం ఇంక ఎదగదంట, ఆయుష్షు పెరుగుతాదంట. ఫోన్లో సూపించినాడు. దొరలు కూడా తింటన్నారంట. అది ఎక్కువ కలిపిన పొడి ఏరేగా ఉన్నాది, అదే ఇచ్చినాడు."

"ఎంతేస్తన్నావు?"

"మొదట్లో సిటికెడు."

"ఇప్పుడు?"

సోములు చెంచా వైపు చూశాడు.

"ఎందుకు పెంచినావు?"

"నీ జుట్టు రాలతన్నాది గదే" అన్నాడు. "నువ్వు పెరట్లో కప్పెట్టినావు. కోడి కెలికి పైకి తీసింది. ఒకరోజు కాదు. నాను సూసి మళ్లీ మట్టి కప్పినాను, నువ్వు సూడకుండా. తిరగబెట్టిందని అనుకున్నాను. పొడి సాల్నేదేమో అనుకున్నాను. జుట్టు ఎక్కువ రాలిన వారం ఇంకొంచెం ఏసినాను."

లక్ష్మణమ్మ డబ్బా మూత బిగించింది.

రాలిన జుట్టుని అతని కంట పడకుండా ఆమె పాతిపెట్టింది. అతను చూశాడని ఆమెకి తెలియకుండా అతను మళ్లీ మట్టి కప్పాడు. ఒకే చోట. లక్ష్మణమ్మకి కోపం గొంతు దాకా వచ్చింది. ఆ కోపం ఎవరి మీద పెట్టాలో తెలియక అక్కడే ఆగింది.

ఝాన్సీ ఏడవలేదు. రెండు చేతులూ పొట్ట మీద పెట్టుకుని నిలబడింది.

"నా కడుపులో ఉన్న గుంటకి ఏటైనా అయితే?" అంది.

ఆ మాటకి సోములు తల వంచాడు. లక్ష్మణమ్మ లేచింది.

"అయిందో కాలేదో ఇక్కడ కూకుంటే తెల్దు. ఆటో పిలు."

"గుడికేనా?" అన్నాడతను, మతిపోయినవాడిలా.

"ఆసుపత్రికి. గుడి ఎక్కడికీ పోదు."

డబ్బాని సంచిలో పెట్టింది. మిగిలిన అంబలిని సీసాలో పోసి మూత బిగించింది. తలకి కొంగు కప్పుకోబోయి, మానేసింది. రెండు నెలలుగా దాచిన పలచటి తలతోనే వీధిలోకి నడిచింది. మబ్బు కేసి చూస్తున్న జనం ఆమె కేసి చూశారు. అసిరమ్మ అరుగు మీద నుంచి, "ఏటొదినా, సోమారంనాడు తల ఇరబోసుకొని ఎక్కడికి?" అంది. "ఇరబోయడానికి ఉంటే గదా!" అంటూ ఆటో ఎక్కింది లక్ష్మణమ్మ.

మండలం ఆసుపత్రిలో డాక్టరు రేఖ కొత్తగా వచ్చిన పిల్ల. ముందు గోళ్లు చూసింది. తర్వాత ఇద్దరి చేతా ఊదించింది. తర్వాత డబ్బా మీద చిన్న అక్షరాలు చదివింది. చదువుతుంటే ఆమె కనుబొమలు దగ్గరపడ్డాయి.

"ఎవరిచ్చారండీ ఇది?"

"నానే" అన్నాడు సోములు. గౌరి లేచి నిలబడిన సంగతీ, దాణాకొట్టులో విన్న సంగతీ చెప్పాడు.

ఆమె తిట్టబోయి, అతని మొహం చూసి ఆగింది.

"సెలీనియం ఒంటికి కావాలి, నిజమే. కానీ కావలసింది ఎంతో తెలుసా? కంటికి కనిపించనంత. మనం తినే గింజల్లో, చేపల్లో, గుడ్లలో మామూలుగా అందుతుంది. దానికి మించి పోస్తే ఒంట్లో ఉండలేక బయటికొస్తుంది. ఊపిరితో వస్తే ఆ వాసన వెల్లుల్లి వాసనలా ఉంటుంది. జుట్టు పోతుంది, గోళ్లు పోతాయి, అరికాళ్లు తిమ్మిరెక్కుతాయి. మీకు జరిగింది అదేననిపిస్తోంది. రక్తం పరీక్షకి పంపిద్దాం, అప్పుడు ఖాయంగా చెప్పొచ్చు."

"కేన్సరుని ఆపుతాదని..." అన్నాడు సోములు.

"ఆపుతుందేమోనని పెద్ద పెద్ద పరీక్షలు చేశారు పెద్దాయనా. వేలమందికి ఏళ్ల తరబడి బిళ్లలిచ్చి చూశారు. ఒంట్లో లోటు లేనివాళ్లకి అది కేన్సరుని ఆపినట్టు తేలలేదు. ఆయుష్షు పెంచినట్టూ తేలలేదు. లోటు ఉన్నవాళ్ల సంగతి వేరు, అది కూడా పరీక్ష చేసి డాక్టరు ఇవ్వాలి. మీ ఆవుకి లోటుంది, పశువుల డాక్టరు చూసి ఇచ్చాడు, లేచింది. ఈమెకి ఎవరు చూశారు?"

సోములు డబ్బా మీది ఆవు బొమ్మ కేసి చూశాడు.

"నా బిడ్డ?" అంది ఝాన్సీ.

డాక్టరు ఆమెని మంచం మీద పడుకోబెట్టి పొట్ట మీద చిన్న మిషను పెట్టింది. గరగరమన్న చప్పుడు. ఆ తర్వాత గుర్రం పరిగెత్తినట్టు టకటకటకమని గుండె చప్పుడు గదంతా వినిపించింది. ఝాన్సీ కళ్లలోంచి అప్పుడు నీళ్లు కారాయి.

"గుండె బాగా కొట్టుకుంటోంది. అంతవరకే నేను చెప్పగలను. రేపు శ్రీకాకుళంలో పెద్ద స్కాను చేయించాలి. ఈ పొడి ఇవాళ్టితో ఆపేయండి. ఆపితే మెల్లగా ఒంట్లోంచి పోతుంది. ఇంకోమాట, కడుపుతో ఉన్నావిడా, ఈవిడా ఉపవాసాలు మానండి. ఇంటికెళ్లి అన్నం తినండి."

లక్ష్మణమ్మ కుర్చీ అంచుకి జరిగింది. రెండు నెలలుగా ఎవరినీ అడగని ప్రశ్న ఆమె పెదవుల మీదికి వచ్చింది.

"అయితే డాట్రమ్మా, నా జుట్టు రాలింది ఈ పొడి వల్లే గదా. రోగం తిరగబెట్టనేదనే గదా?"

"పొడి వల్ల జుట్టు రాలిందని అనుకోవచ్చు. రోగం సంగతి జుట్టుని చూసి చెప్పలేమమ్మా. మీ ఆఖరి స్కాను ఎప్పుడయింది?"

"శ్రావణంలో."

"ఏమన్నారు?"

"అంతా బాగున్నాదన్నారు. ఏడాది దాకా రానక్కర్లేదన్నారు."

"ఏడాదా? రెండేళ్లు దాటీ దాటక ముందే?" డాక్టరు ఆశ్చర్యపోయింది. "మీతోనే చెప్పారా?"

"ఈయనకి ఫోన్ చేసి సెప్పినారు."

ఇద్దరూ సోములు వైపు తిరిగారు. అతను తలుపు గొళ్లెం వైపు చూస్తున్నాడు.

డాక్టరు ఇంకేమీ అడగలేదు. లక్ష్మణమ్మ కూడా అక్కడ అడగలేదు. నలుగురిలో మొగుడిని నిలదీసే అలవాటు ఆమెకి లేదు. ఆటోలో ముగ్గురూ పక్కపక్కనే కూర్చుని, రోడ్డుకి రెండు వైపులా వాలిపోయిన వరిని చూస్తూ ఇంటికొచ్చారు.

ఆమె స్నానం చేసి, పొయ్యి వెలిగించింది. ఎసరు పెట్టింది. పప్పు వేసింది. దేవుడి గూటి ముందు నిలబడి, "డాట్రమ్మ మాట నీకూ ఇనబడింది గదా, నానింక సెప్పక్కర్లేదు" అని దండం పెట్టింది. అంబలి గిన్నెని పెరట్లో బోర్లించి, కోళ్లు చేరకుండా దాని మీద మట్టి కప్పింది. అప్పుడు వచ్చి సోములు ఎదురుగా పీట వేసుకుని కూర్చుంది.

"ఇప్పుడు సెప్పు. వైజాగోళ్లు ఫోన్లో ఏటన్నారు?"

అతను చాలాసేపు చుట్టని వేళ్ల మధ్య తిప్పాడు. వెలిగించలేదు.

"బాగున్నాదన్నారు."

"నా మొగం సూసి సెప్పు."

అతను చూశాడు. చూశాక ఇక దాచలేకపోయాడు.

"ఊపిరితిత్తి పక్కన ఏదో సుక్కలా ఉన్నాదన్నారు. ఏటో తెల్దు, ఏటీ కాకపోవచ్చు కూడా, ఇంకో పరీక్ష సెయ్యాలి, పది రోజుల్లో తీసుకురమ్మన్నారు. నాను తెస్తానన్నాను. ఇంటికొచ్చీసరికి నువ్వు జడ ఏసుకుంటన్నావు. రెండేళ్ల తరవాత మొదటిసారి. అద్దంలో సూసుకొని నవ్వుతన్నావు." అతను చుట్టని కింద పెట్టాడు. "నాకు నోరు రానేదే. ఆ వారంలోనే ధర్మేంద్ర ఆ పొడి సంగతి సెప్పినాడు. ఇదేసి సూద్దాం, సుక్క కరిగిపోతాది, అప్పుడు తీసుకెల్దాం, అంతా బాగున్నాదని ఆళ్ల నోటే ఇందువు గాని అనుకున్నాను."

"మళ్లీ ఫోన్ సెయ్యనేదా ఆళ్లు?"

"సేసినారు. ఎత్తనేదు."

ఝాన్సీ గుమ్మంలో నిలబడి వింటోంది. అత్త ఇప్పుడు అరుస్తుందని, కంచం విసురుతుందని చూసింది. లక్ష్మణమ్మ అరవలేదు. పొయ్యి మీద అన్నం ఉడుకుతున్న చప్పుడు విన్నట్టు కాసేపు తల ఒంచి కూర్చుంది. తలెత్తేసరికి ఆమె మొహం ఆపరేషను గదిలోకి వెళ్లేముందు ఉన్నట్టుంది. ఆ మొహాన్ని సోములు ఒక్కసారే చూశాడు, మర్చిపోలేదు.

"శ్రావణం, బాద్రపదం, ఆశ్వీజం, ఇప్పుడు కార్తీకం" అంది. "ఆ సుక్క ఊరుకున్నాదో ఎదిగిందో నాకు తెలాలి. రేపు మొదటి రైలుకి ఎల్తన్నాం. కోత సంగతి నీ తమ్ముడికి సెప్పు. వాన పడితే పడుతాది. ఓలె ఝాన్సీ, నరేషుకి ఫోన్ సెయ్యి. రాత్రికి వచ్చీమను. రేపు నువ్వూ వాడూ సిక్కోలు ఎల్లి స్కాను తీయించుకోండి. నా కోసం ఆగకండి."

"నానూ నీతో వైజాగ్ వస్తానత్తా."

"నీ పని నీది, నా పని నాది. రెండూ రేపే అవ్వాలి."

"నన్ను తిట్టవే" అన్నాడు సోములు. "ఒక్క తిట్టు తిట్టీ."

"తిట్లు వచ్చీక. ఇప్పుడు ఓపిక కరుసు సెయ్యను."

పాత ఫైలు, స్కాను కవరు, రెండు చీరలు సంచిలో పెట్టి గుమ్మం పక్కన ఆనించింది. అన్నం దించింది. ముగ్గురికీ కంచాలు పెట్టింది. ఆమె కంచంలోకి వడ్డించబోయి సోములు చెయ్యి సగంలో ఆగింది. రెండేళ్లుగా ఆమెకి వడ్డించేది అతనే. లక్ష్మణమ్మ అతని చేతిలోంచి గంటె తీసుకుంది. ముందు కోడలికి పెట్టింది. తర్వాత అతనికి. ఆఖర్న తనకి, మామూలు కంటే ఎక్కువే.

ముద్దపప్పు, చారు, వంకాయ కూర. లక్ష్మణమ్మ నాలిక మీద ఇనుము రుచి తప్ప మరేదీ తెలియలేదు. అయినా ముద్ద వెనక ముద్ద మింగింది. ఝాన్సీ ఒక్కో మెతుకూ నమిలి, ఇమిడిందో లేదో చూసుకుంటూ తింటోంది. సోములు అన్నం కలిపి అలాగే కూర్చున్నాడు. లక్ష్మణమ్మ అతని కంచాన్ని వేలితో కొంచెం ముందుకి తోసింది. అతను ముద్ద ఎత్తాడు.

జేబులో అతని ఫోన్ మోగింది. తీసి చూశాడు. విశాఖపట్నం ఆసుపత్రి నంబరు. ఈసారి దాన్ని జేబులో పెట్టుకోలేదు. ఆమె కంచం పక్కన పెట్టాడు.

లక్ష్మణమ్మ ఎడమచేత్తో ఫోన్ ఎత్తి చెవి దగ్గర పెట్టుకుంది. "ఆఁ, నానే లచ్చనమ్మని. సెప్పండి" అంది. అవతలివాళ్లు చెప్పినంతసేపూ విన్నది. "ఆఁ, రేపే వస్తన్నాను" అని ఫోన్ కింద పెట్టింది. ఏమన్నారో చెప్పలేదు. అడగడానికి ఇద్దరికీ ధైర్యం చాలలేదు. ఆమె గిన్నె దగ్గరికి లాక్కుని, రెండోసారి అన్నం పెట్టుకుని, చారు పోసుకుని, తల ఒంచి తినడం మొదలుపెట్టింది. ఆమెని చూస్తూ వాళ్లిద్దరూ తిన్నారు.